ఎంత ఇస్తుందని అడగకూడని బండి

మా ఆయనకి ఏ బండి చూపించినా మొదట అడిగేది ఒక్కటే, ఎంత ఇస్తుంది అని. రంగు అడగడు, మోడల్ అడగడు. లీటరుకి ఎన్ని కిలోమీటర్లు ఇస్తుందో చెబితే చాలు, ఆ బండి ఎలాంటిదో, దాన్ని కొన్నవాడు ఎలాంటివాడో చెప్పేస్తాడు. మా పెళ్లిచూపుల్లో వాళ్లమ్మగారు నన్ను వంట వచ్చా అని అడుగుతుంటే, ఈయన మా నాన్నని పక్కకి పిలిచి, గుమ్మంలో ఉన్న స్కూటర్ ఎంత ఇస్తుందని అడిగాడు. నాన్న చెప్పింది విని, "కార్బురేటర్ చూడాలండి, ఇంకా రావాలి" అన్నాడట. అల్లుడు పొదుపరి అని మా నాన్న పొంగిపోయాడు. ఆ పొదుపు ఎప్పుడో ఒకనాడు సౌదీలో ఒక పెద్దావిడ కొంప ముంచబోతుందని అప్పుడెవరికి తెలుసు.

నేను ఉనైజాలో ఆసుపత్రి నర్సుని. షుగర్ ఉన్నవాళ్ల కాళ్లకి పుండ్లు పడితే కట్లు కట్టే గది నాది. ఈయన తణుకులో లారీలు, అంబాసిడర్లు బాగుచేసిన మెకానిక్. నా నివాస పత్రం ఇఖామా మీద ఇక్కడికొచ్చి, కొన్నాళ్లు ఇంట్లో కూర్చుని నా కూరలకి వంకలు పెట్టి, తర్వాత ఇక్కడి సనాయియాలో, అంటే గ్యారేజీలన్నీ ఉండే పేటలో, పనికి చేరాడు. కాగితాల మీద పూచీ పడే కఫీల్ మారాడు గానీ ఇంట్లో అసలు కఫీల్ ఎవరో ఆయనకి తెలుసు.

నిరుడు వేసవిలో నా గదికి ఒక పెద్దావిడ రోజు విడిచి రోజు రావడం మొదలుపెట్టింది. డెబ్భై దాటిన మనిషి. తలుపు వేయగానే ముసుగు తీసేసి, సంచీలోంచి క్లేజా బిస్కెట్లు తీసి నా జేబులో కుక్కేది. ఖర్జూరం పెట్టి కాల్చే ఆ బిస్కెట్లు ఈ కసీం ప్రాంతం వాళ్లకి ప్రాణం. వద్దంటే కాలు చూపించనని బెదిరించేది. నేను ఆవిడని ఖాలా అనేదాన్ని, మన పిన్ని అన్నట్టు. ఆవిడ నన్ను బింతీ, కూతురా అని పిలిచేది. చూపు మందగించింది. మనుషుల్ని గొంతుతో గుర్తుపట్టేది.

అరికాల్లో మేకు దిగింది ఆవిడకి. షుగర్ వల్ల కాళ్లలో స్పర్శ లేక, దిగిన సంగతే తెలియలేదు. చెప్పుల్లో రక్తం చూసి కోడలు కేకపెడితే గానీ తెలియలేదట.

"ఎక్కడ తొక్కావు ఖాలా ఈ మేకుని?" అన్నాను.

"కారు షెడ్డులో."

"నీకేం పని అక్కడ?"

"కూర్చుంటాను" అంది, అదేదో నాకు తెలిసి ఉండాల్సిన విషయం అన్నట్టు.

కట్టు కట్టేలోపు కథంతా చెప్పింది. ఆవిడ భర్త ఖఫ్జీలో చమురు బావుల దగ్గర పనిచేసేవాడు. అక్కడి అమెరికా ఇంజనీర్ ఒకాయన తన దేశం నుంచి ఓడలో ఒక కారు తెచ్చుకున్నాడు. వెళ్లిపోయేటప్పుడు దాన్ని మళ్లీ ఓడెక్కించడం ఎందుకని ఖాలా భర్తకి అమ్మేశాడు. ఇక ఆ తర్వాత సెలవు దొరికినప్పుడల్లా ఈయన ఖఫ్జీ నుంచి ఎడారి దాటుకుని ఆ కారులోనే ఇంటికొచ్చేవాడు. మా ఖాలా ఖర్జూరపు తోటల అవతల మలుపులో ఆ చప్పుడు వినగానే గహ్వా అనే ఇక్కడి కాఫీ గిన్నె పొయ్యి మీద పెట్టేది. గహ్వా పొంగేసరికి ఆయన వాకిట్లో ఉండేవాడట. ఆయన పోయాక కారు వాళ్ల ఇంటి తోటలో షెడ్డు పాలైంది. ఆవిడ రోజూ సాయంత్రం వెళ్లి దాని పక్కన కాసేపు కూర్చుని వచ్చేది. అలా వెళ్లిన రోజునే మేకు దిగింది.

ఒక్కడే కొడుకు, రియాద్‌లో బ్యాంకు ఉద్యోగం. మేకు సంగతి తెలిసి తోటకొచ్చి, ఆ కారు నీ కాలు తినేస్తోంది, దాన్ని అమ్మేస్తానన్నాడు. పాత కార్లు పోగేసి విల్లాలో అద్దాల గదిలో పెట్టుకునే పెద్దమనిషిని చూశాడు కూడా. కొడుకు మాటలోనూ తప్పు లేదు. కాలు తీసేయాల్సి వస్తుందేమోనని అతనికి నిద్ర లేదు. తల్లీ కొడుకూ వాదులాడుకుని ఒక ఒప్పందానికి వచ్చారు. ఖర్జూరం కోత అయ్యేలోగా ఆ కారు లేచి, ఆవిడ ఎరిగిన గొంతుతో ఒక్కసారి పలికితే ఇంట్లోనే ఉంటుంది, ఆవిడ ఇక షెడ్డుకి వెళ్లకుండా వాకిట్లోనే పెడతారు. పలకకపోతే కొడుకు తీసుకెళ్లి అమ్మేస్తాడు.

"అది లేవదని వాడి ధైర్యం" అంది ఖాలా.

నా నోరు ఊరుకుంటుందా. "మా ఆయన మెకానిక్ ఖాలా" అనేశాను.

ఆ శుక్రవారం తోటకి వెళ్లాం. షెడ్డు తలుపు తీసి దుమ్ము పట్టిన పరదా లాగేసరికి మా ఆయన నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. ముదురు ఆకుపచ్చ రంగు. రెండే తలుపులు, అంత పొడవు కారుకి. ముందు భాగం ఒక గది అంత ఉంటే, మనుషులు కూర్చునే చోటు ఇంతే. వెనక చక్రాల మీద ఒళ్లు తుంటిలా ఉబ్బి ఉంది. ముందు దీపాలే లేవు. వెతికితే మూతల వెనక దాక్కుని ఉన్నాయి, స్విచ్ వేస్తే మూతలు తెరుచుకుంటాయట.

"ఏవే, దీనికి ముందు బంపర్ ఏదే?" అన్నాడు ఆయన, కంగారుగా చుట్టూ తిరుగుతూ. "ఎవడో పీకేశాడు."

పీకేయలేదు. అదే దాని సొగసు. ఆయన బోల్టులకి నూనె పోస్తుంటే నేను గుమ్మంలో కూర్చుని ఫోన్‌లో చదివి చెప్పాను. ఈ కారు పేరు జీటీఓ. అరవై ఎనిమిదిలో వచ్చిన ఈ రకానికి మూతి మీద మెరిసే ఇనప బంపర్ తీసేసి, ఒంటి రంగులోనే మెత్తటి రబ్బరు లాంటి దానితో ముక్కు చేశారు. ప్రకటనల్లో ఇనప కడ్డీతో ఆ ముక్కు మీద కొట్టి, సొట్ట పడలేదు చూడండని చూపించేవారట. మా ఆయన అక్కడికక్కడే సుత్తి తీశాడు.

"ఏవండీ, ఆ సుత్తి కింద పెట్టండి."

"ఊరికే చూద్దామని."

"పెట్టండి ముందు."

పెట్టాడు. కానీ ముక్కుకి అడ్డంగా ఇనప గార్డు ఒకటి బిగిస్తే మంచిదన్న ఆలోచన మాత్రం రెండు వారాలు వదల్లేదు. మన దగ్గర కొత్త కారు కొంటే మొదట గార్డు, తర్వాతే పెట్రోలు. దాని అందం అంతా గార్డు లేకపోవడంలోనే ఉందని ఆయన్ని ఒప్పించడానికి నేను పడిన పాట్లు ఇన్నీ అన్నీ కావు.

ఇంకో వింత బానెట్ మీద ఉంది. ఇంజన్ ఎంత వేగంగా తిరుగుతోందో చూపించే మీటర్‌ని కారు లోపల కాకుండా, బయట బానెట్ మీద, నడిపేవాడి కళ్లకి ఎదురుగా పెట్టారు. రోడ్డు మీద నుంచి చూపు దించకుండానే ముల్లు కనబడాలని. "వానొస్తే తడవదా" అన్నాడీయన. "ఉనైజాలో వానేంటండీ" అన్నాను. అమెరికాలోనూ అది తడిసి, లోపల ఆవిరి పట్టి గొడవ చేసేదని తర్వాత చదివాను గానీ ఆయనకి చెప్పలేదు. చెబితే ఇక నన్ను బతకనివ్వడు.

బానెట్ ఎత్తాక అసలు సంగతి బయటపడింది. ఎనిమిది సిలిండర్లు, ఆరున్నర లీటర్ల ఇంజన్. మా ఊరి టాక్సీ కార్ల ఇంజన్లు మూడు కలిపినా దీనికి సాటి రావు. "ఇందులో మనిషి దిగి, స్టూలేసుకుని కూర్చుని పని చేసుకోవచ్చే" అన్నాడు మురిసిపోతూ. వెంటనే మొహం దిగులుగా పెట్టాడు. "ఇది ఎంత ఇస్తుందంటావ్?"

"అది అడక్కండి" అన్నాను.

ఈ రకం కార్లు పుట్టిన కథ నాకు భలే నచ్చింది. అప్పట్లో వీటిని చేసిన అమెరికా కంపెనీలో పెద్దలు ఒక రూలు పెట్టారు. మధ్యరకం సైజు కార్లకి ఇంతకి మించిన ఇంజన్ పెట్టకూడదు అని. కిందనున్న ఇంజనీర్లు కొందరికి మాత్రం పెద్ద కారు ఇంజన్‌ని చిన్న కారు ఒంట్లో పెట్టి చూడాలని ఉబలాటం. రూలు కొత్త మోడల్‌కి వర్తిస్తుంది గానీ, ఉన్న మోడల్‌కి అదనంగా కోరుకునే సామానుకి వర్తించదు కదా అని కనిపెట్టారు. అంతే, ఆ ఇంజన్‌ని అదనపు సామాను పేరుతో అమ్మకానికి పెట్టేశారు. పెద్దలు తేరుకునేలోపే కుర్రాళ్లు ఎగబడి కొన్నారు. మా నర్సుల హాస్టల్లో వంట చేయకూడదని రూలుంటే, నీళ్లు కాచుకునే గిన్నె అని చెప్పి మేం రైస్ కుక్కర్ తెచ్చుకున్నామే, అచ్చం అలాగే. దాంతో కంపెనీలన్నీ పోటీపడి పెద్ద ఇంజన్లు పెట్టాయి. వాటికే మజిల్ కార్లని, అంటే కండల కార్లని పేరు. వీటన్నిటికీ దారి చూపించింది ఇదేనంటారు. జీటీఓ అన్న అక్షరాలు ఇంగ్లీషులో గోట్‌ని తలపిస్తాయని కుర్రాళ్లు ముద్దుగా దీన్ని మేక అని పిలిచేవారట.

ఆ మాట మర్నాడు కట్టు కడుతూ ఖాలాకి చెప్పాను. ఆవిడకి తోటలో మేకల మంద ఉంది.

"మేకా?" అంది. "మా మేకలు వింటే నొచ్చుకుంటాయి. అది ఒక్కసారి అరిస్తే అవి రెండు రోజులు పాలిచ్చేవి కావు."

ఇద్దరం నవ్వుకున్నాం. కానీ ఆ వెంటనే, "కోత మొదలైంది బింతీ" అంది. ఖర్జూరం కోత మొదలైందంటే గడువు కరిగిపోతోందని అర్థం.

మా ఆయన శుక్రవారాలన్నీ ఆ షెడ్డులోనే గడిపాడు. ట్యాంకులో పేరుకున్న మడ్డి తీశాడు. ఎలకలు కొరికిన వైర్లు మార్చాడు. ఇక్కడ దొరకని సామాను దుబాయి నుంచి తెప్పించారు, ఖాలా కొడుకే ఆర్డర్ పెట్టాడు. అమ్మాలని అంత గట్టిగా ఉన్నవాడు అడిగిన వస్తువల్లా కిక్కురుమనకుండా తెప్పించడం చూసి నాకు ముచ్చటేసింది. ఒప్పందం అంటే ఒప్పందమే అతనికి. ఒకరోజు ఇంజన్ దగ్గి, తుమ్మి, పొగ కక్కి, చివరికి లేచింది. ఆ రోజు ఖాలా ఊళ్లో లేదు. బంధువుల పెళ్లికి అల్ ఖర్జ్ వెళ్లింది. "మంచిదైంది, ఇంకా పనుంది, పూర్తయ్యాకే వినిపిద్దాం" అన్నాడు మా ఆయన. ఆ పనేమిటో నన్ను అడగనివ్వలేదు. సర్‌ప్రైజ్ అన్నాడు. పెళ్లయి ఇన్నేళ్లకి ఆయన నోట ఆ మాట మొదటిసారి విన్నాను, నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

చివరికి ఒక శుక్రవారం పొద్దున ఖాలాని వాకిట్లో తివాచీ మీద కూర్చోబెట్టి, కాలు దిండు మీద పెట్టాను. పరాయి మగవాడు వస్తున్నాడని ముసుగు వేసుకుంది. మా ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని షెడ్డులోకి వెళ్లాడు. కాసేపటికి కారు బయటికొచ్చి, తోట చుట్టూ ఒక చుట్టు తిరిగి, మెత్తగా వచ్చి మా ముందు ఆగింది. ఆకుపచ్చ రంగు ఎండలో తళతళలాడుతోంది. ఇంజన్ నడుస్తూనే ఉంది. మా ఆయన మొహంలో వెలుగు చూడాలి.

ఖాలా గహ్వా కప్పు పట్టుకుని అలాగే కూర్చుంది. కొంతసేపయ్యాక నా వైపు వంగి, "ఎవరొచ్చారు? పాల బండా?" అంది.

ఆవిడ వింటోంది, ఎదురుచూస్తోంది, కారు ఎదురుగానే నిలబడి నడుస్తోంది. ఆవిడకి అందులో తన కారు వినపడటం లేదు.

"ఇదే ఖాలా" అన్నాను. "మీ కారే."

మా ఆయన దిగొచ్చి ఉత్సాహంగా చెప్పడం మొదలుపెట్టాడు. నన్ను అరబీలో చెప్పమంటాడు. ఈ కార్బురేటర్‌కి నాలుగు నోళ్లట. ముందు రెండు చిన్నవి, వెనక రెండు బాగా పెద్దవి. నెమ్మదిగా నడిపితే ముందు రెండే పనిచేస్తాయి. పెడల్ గట్టిగా తొక్కితే వెనక రెండూ తెరుచుకుని పెట్రోలు గటగటా తాగేస్తాయి. అందుకని వెనక రెంటినీ తీగతో బిగించి కట్టేశాడట. పెట్రోలు సన్నగా వచ్చేలా సరిచేశాడట. పొగ గొట్టాలు రెండూ తుప్పు పట్టి ఉంటే తీసేసి, ఒక్కటే గొట్టం వేసి, జపాన్ పికప్ బండి సైలెన్సర్ తగిలించాడట. "పెద్దావిడ, ఒంట్లో బాలేదు కదా, చప్పుడుంటే ఇబ్బందని. ఇప్పుడు మైలేజ్ కూడా డబులొస్తుందని చెప్పు" అన్నాడు.

చెప్పాను. ఏం చేయను, చెప్పాను.

ఖాలా ఓపిగ్గా అంతా విని, "యాతీక్ అల్ ఆఫియా" అంది మా ఆయనతో. దేవుడు నీకు బలమివ్వాలని, పని చేసినవాళ్లకి ఇక్కడ చెప్పే మర్యాద మాట. ఆయన పొంగిపోయాడు. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, ఆయనకి వినబడకుండా, "నా కొడుక్కి ఫోన్ చెయ్యి బింతీ. వచ్చే శుక్రవారం వచ్చి తీసుకెళ్లమను" అంది.

తిరిగొచ్చేటప్పుడు మా పాత కారులో నేను ఆయన్ని ఎన్ని తిట్టానో నాకే గుర్తులేదు.

"ఆవిడ అడిగిందేంటి, మీరు చేసిందేంటి? మైలేజ్ కావాలని ఎవరైనా అడిగారా మిమ్మల్ని?"

"అరవకే. నేనేం పాడుచేయలేదు కదా."

"నీళ్ల కంటే పెట్రోలు చవకైన దేశం ఇది. ఇక్కడ మైలేజేంటండీ?"

ఆయన రోడ్డు వంకే చూస్తూ అన్నాడు. "అంత తాగే బండిని ఏ కొడుకు ఇంట్లో ఉంచుకుంటాడే? కాస్త తక్కువ తాగితే అతను అమ్మకుండా ఉంటాడేమోనని."

ఈ మనిషి కారుని కాపాడదామనే కారు గొంతు నొక్కేశాడు. అంత కోపంలోనూ నవ్వొచ్చింది, ఆపైన ఏడుపూ వచ్చింది. ఈ కార్లకి జరిగింది కూడా ఇదే. డెబ్భై మూడులో అరబ్ దేశాలు అమెరికాకి చమురు ఆపేశాయి. అప్పటికే ధర పెంచిన ఇన్సూరెన్సు వాళ్లు, పొగ తగ్గించాలన్న రూళ్లు వీటి మెడ పట్టుకుని ఉన్నాయి. పెట్రోలు బంకుల ముందు వరసలు కట్టిన జనం ఎంత ఇస్తుంది అని అడగడం మొదలుపెట్టారు. ఆ ప్రశ్నకి ఈ కారు దగ్గర జవాబు లేదు. మరుసటి ఏటితో దీని తయారీ ఆగిపోయింది. చాలా ఏళ్లకి ఆ పేరుతో ఇంకో కారు వచ్చింది గానీ, మనిషి పోయాక పేరు మనవడికి పెట్టినట్టే. చమురు ఆపిన దేశంలోనే, చమురు తీసే మనిషి చేతిలో ఈ ఒక్కటీ బతికింది. దాని నోటికి తీగ కట్టడానికి మా ఆయన తణుకు నుంచి వచ్చాడు.

ఇదంతా ఆయనకి చెప్పాను. "ఇప్పుడేం చేద్దామంటావ్?" అన్నాడు.

"ఆవిడ విన్న చప్పుడేదో అది తెప్పించండి."

"అది నాకెలా తెలుస్తుందే? నేను విన్నానా?"

నిజమే. ఆ చప్పుడు తెలిసిన మనిషి ఒక్కతే ఉంది. ఆదివారం కట్టు కట్టడానికి ఖాలా వచ్చింది. నాతో ముభావంగా ఉంది, క్లేజా కూడా తేలేదు. నేను తలుపు మూసి, ఫోన్ తీసి, "ఖాలా, ఆ కారు ఎలా అరిచేదో నోటితో చేసి చూపించు" అన్నాను.

"పిచ్చి పట్టిందా నీకు?"

"పట్టింది. చెయ్యి."

ముందు సిగ్గుపడింది. అటూ ఇటూ చూసింది. కళ్లు మూసుకుని మొదలుపెట్టింది. ముందు లోగొంతులో గుడగుడమని, హుక్కా పీల్చినట్టు. తోట మలుపు దగ్గర ఆ గుడగుడ పెరిగింది. అక్కడ ఒక్క క్షణం ఊపిరి బిగబట్టింది. ఆ తర్వాత పొట్టలోంచి ఒక గర్జన లాంటిది తీసింది చూడండి, పక్క గదిలోంచి కేరళ సిస్టర్ ఏం జరిగిందోనని ఆక్సిజన్ సిలిండర్ తోసుకుంటూ పరిగెత్తుకొచ్చింది. ఖాలా దగ్గుతూ, నవ్వుతూ, కళ్లు తుడుచుకుంటూ మంచం మీద వాలిపోయింది. "ఆ తొక్కుడు మలుపులో ఎప్పుడూ తొక్కేవాడు" అంది. "నేను వింటున్నానని."

ఆ సాయంత్రం మా ఆయన ఆ రికార్డింగ్ పెట్టుకుని మళ్లీ మళ్లీ విన్నాడు. మొదట్లో నవ్వాడు. తర్వాత నవ్వలేదు.

"ఈ ఊపిరి బిగబట్టడం విన్నావా?" అన్నాడు. "తొక్కగానే వెనక నోళ్ల మీద మూత కాస్త ఆగి తెరుచుకుంటుంది. ఆవిడ అదే చేసింది. ఈ గోల అంతా ఆ వెనక రెండు నోళ్లదేనే. నేను కట్టేసిన వాటిదే." కాసేపు గడ్డం గోక్కుని, "ఎంత బాగా విందే ఆవిడ" అన్నాడు.

తీగ విప్పడం క్షణం పని. పెట్రోలు మళ్లీ ధారాళంగా వచ్చేలా చేయడం గంట పని. పొగ గొట్టాలే పెద్ద తలనొప్పి. సనాయియాలో సైలెన్సర్ల దుకాణం ఒక హైదరాబాదు చాచాది. ముప్పై ఏళ్లుగా ఇక్కడే గొట్టాలు వంచుతున్నాడు. కారుని లారీ మీద ఆయన దగ్గరికి చేర్చారు. చాచా కిందకి దూరి చూసి, బయటికొచ్చి మా ఆయన్ని ఎగాదిగా చూశాడట.

"ఇది నువ్వు జేసినవా భాయ్?"

"ఆయ్, నేనే చాచా."

"పులి నోట్ల గుడ్డ కుక్కినవ్ గదయ్యా."

తిట్టాడు గానీ పని మాత్రం మనసుపెట్టి చేశాడు. రెండు వైపులా రెండు గొట్టాలు, ఇంజన్ నుంచి వెనక దాకా విడివిడిగా, వెడల్పుగా. అన్నీ బిగించేసరికి శుక్రవారం వచ్చేసింది. ఒకసారి తొక్కి చూసుకునే తీరిక కూడా లేకపోయింది.

నేను పొద్దున్నే తోటకి చేరాను. ఖాలా కొడుకు అప్పటికే రియాద్ నుంచి వచ్చి ఉన్నాడు. కొనే పెద్దమనిషి కూడా పొడవాటి తెల్లటి తోబ్ అంగీ వేసుకుని, తివాచీ మీద కూర్చుని ఖర్జూరాలు తింటున్నాడు. కారు తీసుకెళ్లడానికి ఆయన తెచ్చిన లారీ రోడ్డు మీద నిలబడి ఉంది. కొడుకు నాతో మర్యాదగా మాట్లాడాడు. మీ ఆయన చాలా కష్టపడ్డారు, ఆ శ్రమ మేం మరిచిపోం అన్నాడు. అయిపోయిన పెళ్లికి వచ్చిన చుట్టంతో మాట్లాడినట్టు మాట్లాడాడు. ఖాలా గోడకి ఆనుకుని, ముసుగు వేసుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చుంది. ఇంకోసారి వినమని నేను ఫోన్‌లో బతిమాలితేనే ఒప్పుకుంది. నమ్మకం మాత్రం పెట్టుకోలేదు. మళ్లీ పాల బండి వస్తే తట్టుకోలేనంది.

నేను మనసులో ప్రార్థన చేసుకుంటూ నిలబడ్డాను. దేవుడికి కార్బురేటర్ గురించి ఎలా చెప్పాలో తెలియక, అయ్యా, ఆ వెనక రెండు నోళ్లూ తెరిపించు అన్నాను.

ముందు ఏమీ లేదు. మేకలు, పిట్టలు, పంపు సెట్టు. తర్వాత ఎక్కడో తోటల అవతల నేల అడుగున గుడగుడమన్నట్టు మొదలైంది. కొనే ఆయన నములుతున్నది ఆపాడు. గుడగుడ మలుపు దగ్గరికి వచ్చింది. అక్కడ ఒక్క క్షణం ఆగింది. నేనూ ఊపిరి బిగబట్టాను. ఆపైన వచ్చింది చూడండి, ఆ గర్జన. నా పక్కటెముకల్లో తెలిసింది. చెట్ల మీది పావురాలన్నీ ఒక్కసారి లేచిపోయాయి. మేకలు గోడకి అతుక్కుపోయాయి.

ఖాలా లేచి నిలబడింది.

"ఖాలా, కాలు" అన్నాను. వినలేదు. వాకిలి దాటి, కట్టు కట్టిన కాలితోనే, ఇనప గేటు వైపు నడిచింది. కొడుకు వెంటపడ్డాడు. "అమ్మా, నువ్వు కూర్చో, నడిపేవాడు దిగి గేటు తీసుకుంటాడు."

"ఆయన దిగడు" అంది ఆవిడ. "ఎప్పుడూ దిగలేదు."

గడియ తీసి, ఒంటి బరువంతా పెట్టి గేటు రెక్కని తోసింది. కొడుకు సాయం పట్టబోతే చేత్తో ఆపేసింది. మా ఆయనకి ఏం తోచిందో ఏమో, నిజంగానే దిగలేదు. కారు ఆవిడ పక్క నుంచి నెమ్మదిగా లోపలికొచ్చి, గహ్వా పొయ్యి ముందు ఆగింది. ఆవిడ గోడ పట్టుకుని దాని దగ్గరికొచ్చి, కాగుతున్న బానెట్ మీద అరచెయ్యి పెట్టింది.

"ఇంత ఆలస్యం చేశావేం?" అంది.

నేను వెళ్లి పక్కన నిలబడ్డాను. నా కళ్ల వెంట నీళ్లు కారిపోతున్నాయి, అయినా నర్సుని కదా. "కాలుతుంది ఖాలా, చెయ్యి తియ్యి" అన్నాను.

"కాలనీ బింతీ" అంది. "తెలుస్తోంది."

కొనే పెద్దమనిషి తోబ్ దులుపుకుని లేచొచ్చి, ఖాలా కొడుకు భుజం మీద చెయ్యి వేశాడు. బండి బ్రహ్మాండంగా ఉంది, లారీని లోపలికి రమ్మంటానన్నాడు. కొడుకు తలగుడ్డ కొసతో మొహం తుడుచుకుంటున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

"లారీని పంపించేయండి" అన్నాడు. "మా నాన్న ఇంటికొచ్చారు. మీరు భోజనం చేసి వెళ్లాలి."